చెయ్యి పడిన చోట

"వద్దండి," అంది టీచరమ్మ.

మాస్టారు గోరువెచ్చటి నూనె గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట ఆయన వినలేదు. కూర వద్దనడం, ప్రయాణం వద్దనడం వేరు. ఆయన చెయ్యి వద్దనడం వేరు.

"వద్దా?"

"టాక్సీ వచ్చేస్తుంది. అమ్మాయి ఆస్పత్రికి తీసుకెళ్తానంటోందిగా. వెళ్లొచ్చాక చూద్దాం."

"వెళ్లొచ్చాక చూసేదేముంది? కండ పట్టేసింది, అంతే. బకెట్ ఒంటిచేత్తో లాగితే పట్టేయక ఏం చేస్తుంది? ఇంకో రెండుసార్లు చెయ్యి పడితే లేచి కూర్చుంటావు."

మంచం పక్కన చెప్పులు పట్టుకుని కూర్చున్న కూతురు తలెత్తకుండానే అంది. "నాన్నా, కాస్త అడ్డు లే. అమ్మకి చెప్పులు తొడగాలి."

"ఊళ్లోవాళ్లందరూ వాళ్ల నడుములు తెచ్చి నా బల్ల మీద పెడుతున్నారు. నా ఇంట్లో మనిషి నడుం మాత్రం మిషను కింద పెడతారా?"

"ఊళ్లోవాళ్ల సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే అడుగుతారు కనుక. మాస్టారి భార్య ఆస్పత్రికెళ్లిందటగా అని అడుగుతారు. ఏం చెప్పను?"

"నడుం నొప్పని చెప్పు. నిజమే కదా."

ఆయన నూనె గిన్నె కిటికీలో పెట్టి బయటికి నడిచారు. గిన్నె పెట్టిన చప్పుడులోనే ఆయన కోపమంతా తెలిసిపోయింది. టీచరమ్మ కళ్లు మూసుకుంది. లేవడానికి ముందే ఆమెకి అలసటగా ఉంది.

ఆ వీధిలోకి కొత్తగా దిగినవాళ్లు ఎప్పుడూ ఒకసారి పొరబడుతుంటారు. బళ్లో ఏళ్లకేళ్లు పాఠాలు చెప్పి రిటైరయింది ఆమె. మాస్టారన్న పేరు మాత్రం ఆయనకి పడింది. వయసులో ఉండగా వ్యాయామశాలలో కుస్తీ పట్టేవాళ్ల ఒళ్లు పట్టేవారు. ఒకరి భుజం సర్దారు, ఇంకొకరి మెడ సర్దారు. హస్తవాసి మంచిదన్న మాట పాకింది. ఇంటి ముందుగదిలో తోలు కుట్టిన బల్ల వేశారు, మొహం ఆనడానికి దానికో గుండ్రటి రంధ్రం కూడా పెట్టించారు. అప్పట్నుంచి ఆ గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్న పొద్దు లేదు.

టాక్సీ కుదిపినప్పుడల్లా టీచరమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆస్పత్రిలో మొదట ఎత్తు కొలిచారు. నర్సు చెప్పిన అంకె విని టీచరమ్మ నవ్వబోయింది.

"తప్పు కొలిచావమ్మా. నేను అంతకన్నా రెండంగుళాలు ఎక్కువే ఉంటాను."

నర్సు మళ్లీ కొలిచింది. అదే అంకె.

వంటింట్లో పై అరలో డబ్బాలు ఈమధ్య ఆమెకి అందడం లేదు. ఒకరోజు బజారుకెళ్లొచ్చేసరికి మాస్టారు ఆ అర ఊడదీసి జానెడు కిందికి బిగించారు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. అర ఎత్తు మీదున్నట్టే ఇద్దరూ అనుకున్నారు. ఆమె కుంగిపోతోందని ఇద్దరికీ తట్టలేదు.

తర్వాత గది తర్వాత గది. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. సొరంగంలాంటి పెద్ద మిషన్లోకి తోసి, కదలొద్దన్నారు. ఆఖరికి ఎముకల సాంద్రత చూసే గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకింద మెత్తటి దిమ్మ పెట్టారు. ఆమె మీదుగా ఒక తెల్లటి పట్టీ మెల్లగా అటూ ఇటూ జరిగింది. ముట్టుకోలేదు. నొప్పి పెట్టలేదు. ఆ మెత్తదనానికే కాబోలు, ఆమెకి దుఃఖం పొర్లుకొచ్చింది.

పోయిన వారం ఆమె పడుకున్నది వేరే బల్ల. నడుములో కొంచెం కలుక్కుమంటోందంటే రమ్మన్నారు మాస్టారు. బోర్లా పడుకుంది. అరచేతి మొదలు వెన్ను మధ్య ఆనించి, ఒంటి బరువంతా దాని మీదికి తెచ్చి ఒక్క ఊపు ఊపారు. లోపలెక్కడో చిన్న చప్పుడయింది. అగ్గిపెట్టె వేళ్ల మధ్య నలిగినంత చప్పుడు.

"ఆఁ, సర్దుకుంది," అన్నారాయన. ఆ గొంతులో చిన్నపిల్లాడి సంతోషం.

ఊపిరి అందక ఆమె బల్ల అంచు పట్టుకుంది. తల తిప్పి చూస్తే ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వు మొహం మీద ఏమని చెప్పాలో ఆమెకి తోచలేదు. మర్నాడు మంచం దిగలేకపోయినప్పుడు, బాత్రూంలో బకెట్ ఎత్తానని చెప్పింది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అయిపోయింది, లేవండమ్మా. పక్కకి దొర్లి, ముందు కాళ్లు దించండి," అంది మిషను దగ్గరి అమ్మాయి.

ఎముకల డాక్టరు నడివయసు మనిషి. పొద్దుట్నుంచి మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు బొంగురుపోయింది. కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పింది.

"వెన్నుపూస అంటే చిన్న డబ్బా అనుకోండి. ముందూ వెనకా ఒకే ఎత్తుండాలి. ఇదిగో, ఇక్కడ ముందువైపు కుంగిపోయింది. ఇక్కడా అంతే. మొత్తం మూడు పూసలు నొక్కుకుపోయాయమ్మా."

"మూడా?" అంది కూతురు.

"రెండు పాతవి. ఎప్పుడు విరిగాయో ఆవిడకే తెలిసి ఉండదు. చాలామంది అంతే, వయసు మీదపడింది, నడుం లాగదా అని సరిపెట్టుకుంటారు. ఈ మూడోది మాత్రం పచ్చిది. పెద్ద స్కాన్‌లో లోపల వాపు కనిపిస్తోంది. ఎముకల గట్టిదనం కూడా చూశాం. మైనస్ రెండున్నర దాటితే గుల్లబారినట్టు లెక్క. మీది మూడున్నర దగ్గరుంది."

టీచరమ్మ తెరవంక చూసింది. తన వెన్నెముకని తను చూడటం అదే మొదటిసారి. తెల్లటి వరసలో అక్కడక్కడ సొట్ట పడినట్టుంది.

"ఎలా జరిగింది? పడ్డారా?"

"లేదండీ. బకెట్ ఎత్తాను."

"నిండుదా?"

"సగం."

"ఎవరైనా నడుం నొక్కారా? గట్టిగా ఒత్తడం, విరవడం లాంటివి?"

కూతురి చూపు చెంప మీద పడటం టీచరమ్మకి తెలుస్తూనే ఉంది.

"లేదు," అంది.

డాక్టరు పెన్ను అందుకుంది. "చాలామంది నొక్కించుకుంటారమ్మా, అందుకని అడిగాను. ఇలాంటి ఎముక మీద బలంగా ఒక్క దెబ్బ వేసినా చాలు."

"దగ్గితే?"

"దగ్గినా చాలు ఒక్కోసారి. దగ్గారా మీరు?"

దగ్గాననుంటే బాగుండేదని టీచరమ్మకి అప్పుడు తోచింది.

"బెల్టు రాస్తున్నాను, కూర్చున్నా నడిచినా వేసుకోండి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఎముక మళ్లీ కాస్త బలపడుతుంది, భయం లేదు. కానీ ఒక్క సంగతి. ఇకమీదట ఎవరూ మీ వీపు మీద చెయ్యి వెయ్యకూడదు. మర్దనా లేదు, నొక్కడం లేదు. ఎంత తెలిసినవాళ్లయినా సరే."

మందుల కిటికీ ముందు బెంచీ మీద తల్లిని కూర్చోబెట్టింది కూతురు. లోపల బెల్టు సైజు వెతుకుతున్నారు. ఎదురుగా ఎవరో ముసలాయన కాలికి కట్టుతో కునుకు తీస్తున్నాడు.

"బకెట్ కాదు కదా," అంది కూతురు.

"చెప్పానుగా."

"మీ బాత్రూంలో బకెట్ ఎత్తే పనే లేదమ్మా. నువ్వు బరువెత్తకూడదని నాన్న కుళాయికి గొట్టం బిగించాడు. నా ముందే బిగించాడు."

టీచరమ్మ ఒళ్లో చేతులు ఒకదానిమీదొకటి పెట్టుకుంది. మంచి మనసుతో బిగించిన గొట్టమే ఆయన మీద సాక్ష్యానికొచ్చింది.

"నాన్నే కదా?"

"ఆస్పత్రిలో ఏంటే ఈ గోల."

"గోల చెయ్యడం లేదు. అడుగుతున్నాను."

"పాతవి రెండూ ఆయన చెయ్యలేదు. డాక్టరు చెప్పింది విన్నావుగా. నా ఎముకలే గుల్ల."

"నీ ఎముకలు గుల్ల అని తెలియకుండా వాటిమీద అరచెయ్యి ఆనించిందెవరు?"

"తెలియక చేశారు."

"నా చెయ్యి కూడా తెలియకే కట్టాడు."

టీచరమ్మ తలదించుకుంది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి ఈ పిల్ల మణికట్టు విరిగింది. ఆస్పత్రి ఎందుకు, నేను లేనా అని మాస్టారే కట్టు కట్టారు. అది కాస్త వంకరగా అతికింది. ఇప్పటికీ సీసా మూత తీయాలంటే ఎడం చెయ్యే వాడుతుంది. ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆ ఇంట్లో పెద్ద చప్పుడు.

"నొప్పి నాది," అంది టీచరమ్మ. "చెప్పడమో మానడమో నన్ను చూసుకోనీ."

"నొప్పి నీదే. ఆ బల్ల ఎక్కేవాళ్ల నడుములన్నీ నీవి కావుగా."

"ఆయనకి ఆ గది తప్ప ఏముందే? పొద్దున్న లేస్తే ఆ తలుపు తియ్యడమే ఆయనకి తెల్లారడం."

"నీకు ఈ వెన్ను తప్ప ఏముంది?"

కిటికీలోంచి పిలిచారు. కూతురు లేచి బెల్టు తీసుకొచ్చింది. తల్లి నడుముకి చుడుతూ, పట్టీలు బిగిస్తూ, చెవి దగ్గర మెల్లగా అంది. "ఇవాళ నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నేనెలా చెప్తానో నీకు తెలుసు."

ఇంటికొచ్చేసరికి మాస్టారు వంట చేసి ఉంచారు. కూర అడుగంటింది. కోపం ఎప్పుడు పోయిందో గానీ, ఎదురొచ్చి టాక్సీ తలుపు తీశారు. లోపలికి నడిపించడానికి చెయ్యి చాచి, కూతురు అప్పటికే పట్టుకుందని చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏమన్నారు?"

"ఎముకలు గుల్లబారాయట," అంది టీచరమ్మ మంచం మీద వాలుతూ. "పూసలు నొక్కుకుపోయాయట."

"ఎన్ని?"

"మూడు. రెండు పాతవేనట."

ఆయన ఎక్స్‌రే కవరు అందుకుని కిటికీ దగ్గరికెళ్లారు. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. పూసలు లెక్కపెట్టడం ఆయనకి వచ్చు, కళ్లు మూసుకుని వేళ్లతో లెక్కపెట్టగలరు. బొటనవేలు ఒక్కో పూస మీదుగా కిందినుంచి పైకి జరిగింది. ఒకచోట ఆగింది.

"కొత్తది ఇదా?"

"అదేననుకుంటాను."

వేలు అక్కడే ఉండిపోయింది. గుమ్మం దగ్గర కూతురు చేతులు కట్టుకుని నిలబడింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"బకెట్ ఎత్తితే ఇక్కడ విరుగుతుందా?" అన్నారు మాస్టారు. ఎవరిని అడుగుతున్నారో తెలియలేదు.

"గుల్లబారితే ఎక్కడైనా విరుగుతాయట," అంది టీచరమ్మ.

"అలాగా." ఫిల్ము కవర్లో పెట్టారు. పెట్టేటప్పుడు అది రెండుసార్లు అంచుకి తగులుకుంది. "ఇన్నాళ్లూ నా చేతికింద ఉన్న నడుం. రెండు పూసలు పోతే నా చేతికి తెలియలేదంటే..."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదని టీచరమ్మకి తెలుసు. నోరు తెరిచింది. ఆయన వంగి, ఆమె మోకాళ్లకింద దిండు సర్దుతున్నారు. గాజు సామాను సర్దుతున్నంత జాగ్రత్తగా, దిండు మాత్రమే తగిలేట్టు, చెయ్యి తగలకుండా. ఆమె నోరు మూసుకుంది.

"ఇంజెక్షన్ ఆస్పత్రిలో దొరకదన్నారు. నేను పెద్ద షాపుకెళ్లి తెస్తాను," అంది కూతురు. తల్లి వంక చూసింది. "నేనొచ్చేసరికి..." అంటూ గేటు వేసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు ముందుగదిలోకెళ్లారు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

టీచరమ్మ కళ్లు అప్పుడే మూతపడుతుండగా బయట స్కూటరు ఆగింది.

"ఏం మాస్టారూ, మీ ఆవిడకి నడుం పట్టిందటగా? వైద్యుడి పెళ్లానికే రోగమైతే మా గతేంటయ్యా?"

బేకరీ బామ్మ గొంతు. వీధి చివర బేకరీ ఆవిడ కొడుకుది. నేలమీద పారేసుకున్నదేదో వెతుక్కుంటున్నట్టు వంగి నడుస్తుంది. దించేసిన స్కూటరు అప్పుడే వెళ్లిపోతోంది.

"ఇవాళ వద్దులెండి బామ్మగారూ. ఇంట్లో బాగాలేదు. ఇంకోరోజు రండి."

"ఇంత కష్టపడి వచ్చాకా? మావాడు వెళ్లిపోయాడు కూడానూ. రెండే రెండు నొక్కులు నొక్కు నాయనా. ఆ పూటకి హాయిగా నిద్ర పడుతుంది."

"వద్దంటున్నానుగా."

"నువ్వు కూడా వద్దంటే ఎలా? ఇంట్లో ఎలాగూ నేనెవరికీ అక్కర్లేదు. నీకు తెలుసా, రోజురోజుకీ పొట్టిదాన్నయిపోతున్నాను. కౌంటరు వెనకాల కూర్చుంటే నేను కనపడటం లేదట. బామ్మ లేదా అని గిరాకీలు మా కోడల్ని అడుగుతున్నారు. నేనక్కడే ఉన్నానయ్యా."

ఆవిడ తన మాటకి తనే నవ్వింది. మాస్టారు కూడా చిన్నగా నవ్వినట్టున్నారు. బల్ల మీద దుప్పటి దులిపిన చప్పుడు, చేతులు కడుక్కున్న చప్పుడు, నూనె సీసా మూత తీసిన చప్పుడు.

లోపల టీచరమ్మ కళ్లు తెరిచింది. పొట్టిదాన్నయిపోతున్నానన్న మాట ఆమె చెవిలోనే తిరుగుతోంది. నర్సు రెండోసారి కొలిచిన అంకె, తెరమీద సొట్ట పడిన వరస కళ్లముందుకొచ్చాయి. ఈవిడకి ఎన్ని పూసలు పోయాయో ఎవరు చూశారు? ఎవరు చూపించారు?

బల్ల కిర్రుమంది. బామ్మ బోర్లా పడుకుంటోంది.

పిలిచింది గానీ, ముందుగది ఫ్యాను చప్పుడులో ఆ పిలుపు ఆయనకి వినపడలేదు. ఇంకెవరూ లేరు. టీచరమ్మ పక్కకి దొర్లింది, కాళ్లు దించింది, మోచేతి మీద బరువు వేసి లేచింది. వీపులో మంట భగ్గుమంది. బెల్టు ఒక పట్టీ ఊడి వేలాడుతోంది, అది బిగించే ఓపిక లేదు. గోడ పట్టుకుని ఒక అడుగు, కుర్చీ పట్టుకుని ఇంకో అడుగు. నడవా ఎప్పుడూ అంత పొడుగున్నట్టు ఆమె ఎరగదు.

ముందుగది తలుపు దగ్గరకి చేరేసరికి మాస్టారు అరచేయి బామ్మ వెన్ను మధ్య ఆనించి ఉన్నారు. మోచెయ్యి ఇంకా వంగే ఉంది.

"చేతులు తియ్యండి."

ఆయన ఉలిక్కిపడి చూశారు. "నువ్వెందుకు లేచావు? ఎవరు లెమ్మన్నారు?"

"ముందు ఆవిడ వీపు మీంచి చేతులు తియ్యండి."

"ఎవరూ? టీచరమ్మేనా?" బల్ల రంధ్రంలోంచి బామ్మ గొంతు నేలకి తగిలి వచ్చింది. "ఎలా ఉంది తల్లీ నడుం?"

"ఆవిడకీ పూసలు పోయి ఉంటాయి," అంది టీచరమ్మ, భర్తనే చూస్తూ. "పొట్టిదాన్నవుతున్నానంటోంది, వినలేదా? నేనూ అలాగే తగ్గాను. అర కిందికి దించారు మీరు, గుర్తులేదా? ఫోటో తియ్యకుండా ఆ వీపు మీద చెయ్యి వెయ్యకూడదు."

"అన్ని నడుములూ ఒక్కటి కావు." ఆయన గొంతు తగ్గించారు, పరాయి మనిషి ముందు పరువు పోకుండా. "ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాను. నా చేతికింద ఎవరికైనా ఏదైనా అయిందా? ఒక్కళ్లని చూపించు."

ఆమె తలుపు చెక్కని గట్టిగా పట్టుకుంది. ఆస్పత్రి నుంచి వస్తూ దారంతా మాటలు పేర్చుకుంది. మెత్తగా ఎలా చెప్పాలి, ముందు ఏది చెప్పాలి అని. ఇప్పుడు అందులో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకైంది," అంది.

ఆయన అర్థం కానట్టు చూశారు.

"బకెట్ నేనెత్తలేదండి."

పైన ఫ్యాను తిరుగుతోంది. గోడమీద ఎముకల పటం అంచు దాని గాలికి లేస్తూ పడుతూ ఉంది. మాస్టారి మొహంలో ఏదీ మారలేదు. చేతులు మాత్రం బామ్మ వీపు మీంచి లేచి, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆగాయి.

"ఆ రోజా?" అన్నారు.

"ఆ రోజే."

"చప్పుడైంది."

"ఊఁ."

ఆయన తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకోవడం మొదలుపెట్టారు. నూనె పోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు. ఆమె కూర్చుందామంటే కుర్చీ దూరంగా ఉంది.

"ఏమైందర్రా? మాట్లాడరేం?" అంది బామ్మ. "నాకు మెడ పట్టేస్తోంది. ఎవరైనా లేపండి నన్ను."

బామ్మని లేపడం ఎప్పుడూ ఆయన పనే. భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి. మాస్టారు తువ్వాలు పడేసి బల్ల వైపు అడుగు వేశారు. ముడతలు పడిన ఆ చిన్న వీపుకేసి, వంగిన ఆ వెన్నుకేసి చూశారు. చూసి, ఆగిపోయారు.

టీచరమ్మకి వంగే వీలు లేదు. కూతురు ఇంకా రాలేదు.

"మాస్టారూ," అంది బామ్మ రంధ్రంలోంచి, కాస్త భయంగా. "ఉన్నావా?"

మాస్టారు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు.